నీళ్ళు తగిలిన బండి

"సీటు ఎత్తు బాబూ, లోపల చూడాలి" అన్నాడు అచ్యుతరావు.

ఫణికిరణ్ తన స్కూటర్ తాళం తిప్పాడు. సీటు లేవలేదు. మళ్ళీ తిప్పాడు. నుదుటి మీద చెమట పట్టింది గానీ సీటు కదల్లేదు.

"సీటు ఎత్తడానికే ఇంత చెమటా?"

"ఎండగా ఉందండీ."

నాగదుర్గ ముందుకొచ్చి సీటు వెనక ఎడమ పక్కన గుప్పిటతో ఒక్కటి వేసింది. టక్కున లేచింది.

అచ్యుతరావు కూతురి వంక చూశాడు.

"మా ఫ్రెండ్ బండి కూడా ఇంతే నాన్నా."

అచ్యుతరావు సీటు కింద చెయ్యి పెట్టి తడిమి, వేళ్ళు వాసన చూసుకున్నాడు.

సోమవారం నుంచి నాగదుర్గకి ఏలూరులో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం. డ్యూటీ ఏడింటికి. కొల్లేటి గట్టు మీదున్న వాళ్ళ ఊరికి మొదటి బస్సు ఎనిమిదింటికి గానీ రాదు. ఈలోగా స్కూటర్ దొరక్కపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అయినా అచ్యుతరావు ఇప్పటికి నాలుగు బండ్లు వద్దన్నాడు. తాడేపల్లిగూడెం బండికి అద్దాలు కొత్తవి, పాతవి ఎందుకు పగిలాయన్నాడు. ఏలూరు బండి బాగానే ఉంది గానీ అమ్మేవాడు నేల చూసి మాట్లాడాడన్నాడు. విజయవాడలో బుడమేరు వరదకి మునిగిన బండ్లు రంగులేసుకుని ఏలూరు దాకా వస్తున్నాయని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి, ఆయనకి ప్రతి బండీ నీళ్ళలోంచి లేచి వచ్చినట్టే ఉంది.

ఈ భీమడోలు బండి నాగదుర్గ వెతికింది. ఫోన్లో ప్రకటన చూశానంది. చూపించమంటే, తీసేశారంది.

"బండి ఎవరు నడిపేవారు?"

"నేనేనండీ."

"ఇంకెవరి చేతికీ ఇవ్వలేదా?"

"అప్పుడప్పుడూ ఒకళ్ళకి ఇచ్చానండీ."

"ఎవరికి?"

"తెలిసినవాళ్ళకేనండీ."

"బండి మీద ఈ గీత ఏంటి? తాగి పడేశావా?"

"నాకా అలవాటు లేదండీ. గేదె అడ్డమొచ్చింది."

"గేదెకేమైంది?"

"దానికేం కాలేదండీ. నాకే మోచెయ్యి చెక్కుకుపోయింది." చొక్కా చెయ్యి పైకి లాగి మచ్చ చూపించాడు.

అచ్యుతరావు మచ్చనీ గీతనీ మార్చి మార్చి చూశాడు.

"ఏం చేస్తుంటావు?"

"స్టేషన్ ఎదురుగా బ్యాంకులోనండీ. నడిచే వెళ్తాను. అందుకే అమ్మేద్దామని."

"పర్మనెంటేనా?"

"అవునండీ."

"బండికీ ఆయన ఉద్యోగానికీ ఏం సంబంధం నాన్నా? నువ్వు కొనడానికి వచ్చావా, కేసు రాయడానికి వచ్చావా?"

"కాగితాలు మారేదాకా మనిషి ఊళ్ళో ఉండాలిగా. నువ్వు ఊరుకో." మళ్ళీ అటు తిరిగాడు. "మీ పెద్దవాళ్ళు ఇంట్లో లేరా?"

"ద్వారకా తిరుమల వెళ్ళారండీ."

గేటు దగ్గర ఆ ఇంటి కుక్క ఆయన్ని చూసి గుర్రుమంది. నాగదుర్గ దగ్గరికి మాత్రం వచ్చి, ఆమె చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకుంది.

అచ్యుతరావు గొంతుక్కూర్చుని ఫుట్‌బోర్డు కింద గోటితో గీకాడు. ఎండిన మట్టి పొడిలా రాలింది. అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు. చెరువుల మీద బతికిన మనిషి. రోడ్డు మట్టికీ నీళ్ళ మట్టికీ తేడా ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

లేచి, హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఆఖరుగా ఒక్కమాట అడుగుతాను. ఇది నీళ్ళలో మునిగిందా?"

వెనక నాగదుర్గ, లేదని చెప్పమన్నట్టు తల అడ్డంగా ఊపింది. బండి అద్దంలో అది అచ్యుతరావుకి కనిపించింది.

ఫణికిరణ్ ఆమెని చూశాడు. తర్వాత ఆయన కళ్ళలోకి చూశాడు.

"మునిగిందండీ. వరదప్పుడు విజయవాడలో మా పిన్నిగారింట్లో ఉంది. ఫుట్‌బోర్డు దాటి నీళ్ళొచ్చాయి. ఇంజను విప్పించి బాగుచేయించాను. మీరు అడక్కపోయినా తాళం ఇచ్చేముందు చెప్పేవాడినండీ."

నాగదుర్గ నుదురు పట్టుకుంది. ఐదో బండీ పోయింది. దాంతోపాటు సోమవారమూ పోయింది.

అచ్యుతరావు చేతిలో మట్టి దులుపుకున్నాడు.

"కాగితాలు తీసుకురా. బండి తీసుకుంటాను."

ఇద్దరూ నోరు తెరుచుకుని ఆయన్నే చూశారు.

"ఏం, అమ్మవా?"

"అమ్ముతానండీ! అమ్ముతాను!" ఫణికిరణ్ లోపలికి పరుగెత్తి, కాగితాలతో పాటు హెల్మెట్ కూడా తెచ్చాడు. "ఇది ఊరికేనండీ."

నాగదుర్గ తలకి పెట్టుకుని గడ్డం కింద బిగించింది. పట్టీ సర్దుకోవాల్సిన పనే లేకపోయింది.

నాగదుర్గ బండి నడుపుతూ ఊరు దాటి కొల్లేటి గట్టెక్కింది. తండ్రి వెనక కూర్చుని అటూ ఇటూ చేపల చెరువులు చూస్తున్నాడు.

"అద్దాలు కొత్తవైతేనే వద్దన్నావు. మునిగిన బండిని ఎలా ఒప్పుకున్నావు నాన్నా?"

"బండిదేముంది, బాగుచేయించుకోవచ్చు."

"మరి ఆ ప్రశ్నలన్నీ ఎందుకు? పాపం, ఆయన వణికిపోయాడు."

అచ్యుతరావు కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

"పెళ్ళి మాటలకి ఆదివారం వాళ్ళ పెద్దవాళ్ళని రమ్మను."