వెల్లకిలా తేలడం

"సూట్‌కేసు వద్దని ఎన్నిసార్లు చెప్పాలి? పడవలో దానికి చోటుండదు. మెత్తటి బ్యాగులే సర్దు," అన్నాడు అమరేశ్వరరావు.

"మెత్తటి బ్యాగులో ఆవకాయ సీసా పగిలితే మీ చొక్కాలే ఎర్రబడతాయి," అంది దమయంతి.

"దీవుల్లో కూడా ఆవకాయేనా?"

"రెండు పూటలు ఆగండి, మీరే అడుగుతారు."

"అమ్మా, జస్ట్ టేక్ అ ప్లాస్టిక్ జార్," అంది చరిత, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

తగువు అక్కడితో ఆగవలసింది. ఆగలేదు.

"అసలు నువ్వు పడవెక్కుతావనే నమ్మకం నాకు లేదు. నీళ్ళు చూస్తేనే వణుకుతావు. భయమైతే ఇక్కడే ఉండిపో. నేనూ చరితా వెళ్ళొస్తాం."

తాముండే మార్కమ్ ఊళ్ళో చలి ముదిరేలోగా కరీబియన్ దీవుల మధ్య తెరచాప పడవలో తిరిగి రావాలని వాళ్ళ ప్లాన్. అక్కడ అది వానాకాలం. రద్దీ ఉండదని అమరేశ్వరరావు పట్టుబట్టి ఆ రోజులే ఎంచుకున్నాడు. ఎండ కాస్తుండగానే వాన గోడలా వచ్చి మీద పడడం, పడవ ఒక పక్కకు ఒరిగిపోవడం దమయంతి వీడియోల్లో చూసింది.

"వస్తాను. తేలడం నేర్చుకునే వస్తాను," అంది.

మర్నాడే కమ్యూనిటీ సెంటర్‌లో పెద్దల ఈత క్లాసులో చేరింది.

నేర్పే అమ్మాయి నిఖిల. కాలేజీలో చదువుకుంటూ పూల్ దగ్గర పార్ట్‌టైమ్ చేస్తోంది.

"ఆంటీ, ఇవాళ పార్ట్‌నర్‌తో ప్రాక్టీస్. ఒకరు వెల్లకిలా పడుకోవాలి, ఇంకొకరు వీపు కింద చెయ్యి పెట్టాలి."

దమయంతికి జతగా వచ్చినాయన పేరు కొమరయ్య. కరీంనగర్ వైపు మనిషి. అరవై దాటినట్టున్నాడు.

"పండుకో బిడ్డా, నేను పట్టుకుంట," అంటూ చెయ్యి చాపాడు.

దమయంతి వెనక్కి జరిగింది. ముక్కూ మొహం తెలియని మగవాడు వీపు కింద చెయ్యి పెట్టడమేమిటి?

నిఖిలను పక్కకు పిలిచింది. "ఆడవాళ్ళెవరినైనా ఇవ్వమ్మా నాకు."

కొమరయ్యకు వినబడింది.

"గట్లనే ఇయ్యమ్మా. నేను గోడతోని చేసుకుంట," అన్నాడు నవ్వుతూ.

ఆనాటి నుంచి ఆయనకు గోడే జత. కాళ్ళు లేపేవాడు, మునిగేవాడు, నీళ్ళు మింగి దగ్గేవాడు. క్లాసులో నలుగురూ నవ్వేవారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వి, మళ్ళీ కాళ్ళు లేపేవాడు.

ఒకరోజు బెంచీ మీద తల తుడుచుకుంటూ దమయంతే పలకరించింది.

"అబ్బాయి దగ్గరికి వచ్చారా?"

"పిలగాని కోసమే వచ్చిన."

"మరి హాయిగా కూర్చోక, ఈ వయసులో ఈతెందుకండీ?"

"ఈడి పోరగాండ్లను ఈత నేర్సుకోండ్రా అంటె, 'మీకొచ్చా అంకుల్?' అని నవ్వుతున్నరు. మనకు రాకుంట ఎట్ల జెప్తం? నువ్వెందుకు నేర్సుకుంటున్నవ్?"

దమయంతి పడవ సంగతి చెప్పింది. ఒక దీవి దగ్గర లంగరు వేసి నిద్రపోవడం, వాన వెలిశాక తెరచాప ఎత్తి ఇంకో దీవికి సాగిపోవడం.

"వానల్ల, సముద్రం మీదనా!"

వద్దంటాడనుకుంది.

"పోవాలె బిడ్డా. సూడాలె. మరి ఇంట్ల అందరికొస్తదా ఈత?"

"మా ఆయనకు రాదు. అమ్మాయి చిన్నప్పుడే క్లాసులు మానేసింది. లైఫ్ జాకెట్లుంటాయి కదండీ!"

కొమరయ్య తల అడ్డంగా ఊపాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దాయన చాదస్తం, అనుకుంది దమయంతి.

ఈతలో ఆమె పట్టుదల మాత్రం సడలలేదు. ముక్కులోకి నీళ్ళు పోయినా, రాత్రంతా చెవులు హోరుమన్నా, పొద్దున్నే పూల్ దగ్గర ఉండేది.

ఒక ఉదయం, వీపు కింద ఎవరి చెయ్యీ లేకుండా తేలింది. చెవులు నీళ్ళలో మునిగాయి. పైకప్పు కనబడింది. భయం కనబడలేదు.

లేస్తూనే కొమరయ్య కోసం చూసింది. గోడ దగ్గర ఆయన లేడు. ఆ గోడ పొడుగునా కుర్రకారు, అన్నీ తెలుగు మాటలే.

"వీళ్ళంతా ఎవరు నిఖిలా?"

"స్టూడెంట్స్ ఆంటీ. ఇప్పుడు ఏ ఇంటి బేస్‌మెంట్ చూసినా అద్దెకుండేది వీళ్ళే కదా. అంకుల్ తలుపు తలుపూ కొట్టి పట్టుకొచ్చారు. మొన్న వాళ్ళందరి ముందూ తేలి చూపించారు, తెలుసా!"

"ఆయనేరీ?"

"నిన్న ఇండియా వెళ్ళిపోయారు. వీసా టైమ్ అయిపోయింది."

"అయ్యో, చెప్పనైనా లేదు. కొడుకు ఎక్స్‌టెన్షన్ అప్లై చేయించలేకపోయాడా?"

నిఖిల గొంతు తగ్గించి జవాబు చెప్పింది. అది విని దమయంతి పూల్ అంచు పట్టుకుని పైకెక్కి, సరాసరి ఇంటికి బయల్దేరింది.

సాయంత్రం భోజనాల దగ్గర ముగ్గురికీ పప్పుచారు వడ్డించి, ఆమె కూడా కూర్చుంది.

"పడవ ప్రయాణానికి ముగ్గురం వెళ్తున్నాం. కానీ ఆదివారం మీ ఇద్దరూ నాతో పూల్‌కి వస్తున్నారు. తేలడం వచ్చాకే పడవ. అప్పటికి రాకపోతే తేదీలు జరుపుదాం. వానాకాలం ఎక్కడికీ పోదు."

"మామ్, దే హావ్ లైఫ్ జాకెట్స్!"

"వేసుకుందాం. అవి లేకపోయినా తేలాలి. ఇకమీద ఆదివారాలు నేనక్కడే ఉంటాను. కొత్తగా వచ్చే పిల్లలకు వీపు కింద చెయ్యి పెట్టడానికి మనిషి కావాలి."

"మగపిల్లలకి కూడానా?" నవ్వాడు అమరేశ్వరరావు.

"ఎవరికైనా."

ఆ గొంతు విని అతను నవ్వు ఆపేశాడు.

"ఎవరు నూరిపోశారు నీకిదంతా?"

"కొమరయ్య గారు."

"నీళ్ళు మింగుతాడని నువ్వు చెప్పి నవ్వేదానివే, ఆయనా? కొడుకు దగ్గరికి సరదాగా వచ్చిన మనిషి మాట పట్టుకుని..."

"సరదాగా రాలేదండీ," అంది దమయంతి, "ఈ వేసవిలో సరస్సులో మునిగిపోయిన కొడుక్కి ఇక్కడే కొరివి పెట్టి, అతనిలాగే చదువుకోవడానికి వచ్చిన పిల్లల కోసం ఆగిపోయారు."