పొరుగువాడి అభ్యంతరం

కృష్ణకు వరద వచ్చి లంకలు మునిగిన ఏడు అది. నీళ్ళు తీసి నెల కాలేదు. గుంటూరు ఏడో లైనులో రహిమున్నీసా కారం మిల్లు మీద పిడుగు పడింది. ఆ పిడుగు కంప్యూటర్‌లోంచి పడింది.

వీధి పేరుతో ఇంటర్నెట్‌లో గ్రూపు పెట్టింది బ్యాంకు ఉద్యోగి చైతన్యకృష్ణ. వరద రోజుల్లో ఆ గ్రూపు మంచి పని చేసింది. ఒక్క పూటలో నలభై బస్తాల బియ్యం, అటక నిండా దుప్పట్లు పోగయ్యాయి. రహిమున్నీసా రెండు డబ్బాల కారం ఇచ్చింది. గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు.

వరద తీసింది. గ్రూపుకు పని లేకుండా పోయింది. ఎవరి కుక్క ఎవరి గుమ్మంలో పడుకుందో, ఎవరి చెత్త ఎవరి గోడ పక్కన పడిందో రాయడం మొదలుపెట్టారు. సొంత పేరు పెట్టక్కర్లేదు. అందుకని మొహం మీద అనలేనివన్నీ అందులో అన్నారు.

ఇళ్ళల్లో కంప్యూటర్లు పది కూడా లేవు. నెట్ సెంటర్ ముబీన్ రోజూ సాయంత్రం గ్రూపులో రాసినవన్నీ ప్రింటు తీసి గోడకు అంటించేవాడు. టైపు రానివాళ్ళు నోటితో చెబితే తనే కొట్టి పెట్టేవాడు. ఎవరు చెప్పారో మాత్రం చచ్చినా బయటపెట్టేవాడు కాదు.

ఒకరోజు ‘పొరుగువాడు’ అనే పేరుతో గోడ మీద ఒకటి కనిపించింది.

“కారం మిల్లు ఘాటుకి మా ఇంట్లో ఆడమనిషి దగ్గి దగ్గి ఒంగిపోతోంది. ఇంకో ఏడాది ఆ గాలి పీలిస్తే కష్టమని డాక్టరు నాతో చెప్పాడు. ఇక్కణ్ణుంచి కదలమంటే కదలదు. దయచేసి మిల్లు ఆపించండి.”

మర్నాటికి దాని కింద పద్దెనిమిది మంది “నిజమే” అని రాశారు. వాళ్ళల్లో పదిహేను మంది ఆ మిల్లులోనే కారం పట్టించుకునేవాళ్ళు.

వారం తిరక్కుండా గ్రూపు తరఫున అర్జీ కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్ళింది. ఆఫీసాయన వచ్చి, నాలుగుసార్లు తుమ్మి, మిల్లుకు తాళం వేసి సీలు పెట్టి వెళ్ళాడు.

మిల్లు రహిమున్నీసా తండ్రిది. ఇరవయ్యో ఏట మిరపకాయలు పోసే తొట్టి దగ్గర నిలబడింది. అరవై దాటినా అక్కడే. మొగుడు మీరావలి మోటారు చూసుకునేవాడు. మూడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. మాటలు కూడా అప్పుడే ఆపేశాడని ఆమె వెక్కిరించేది.

“మా అబ్బా పోయిన రోజు తప్ప ఎప్పుడూ ఆగని మిల్లయ్యా ఇది!” అంది రహిమున్నీసా. “అట్టా గోడకి ఆనుకుని కూర్చుంటావేంది? ఆ పొరుగు నాకొడుకు ఎవడో కనుక్కోవా?”

“కనుక్కుని?”

“మిరపకాయలు తొడిమలతో సహా నమిలిస్తా!”

మీరావలి లేచి పెరట్లోకి వెళ్ళాడు.

ఆమే బయల్దేరింది. ఇల్లిల్లూ తిరిగింది. “మీ ఇంట్లో దగ్గేది ఎవరమ్మా? చూసిపోతా, ఏమీ అనను” అంది. నిజంగా దగ్గు వచ్చినవాళ్ళు కూడా ఆమె గడప దిగేదాకా బిగబట్టుకున్నారు. నాలుగిళ్ళకోసారి ఊపిరాడక అరుగు మీద కూలబడి, మంచినీళ్ళు అడిగి తాగి, మళ్ళీ లేచింది. వీధి చివరిదాకా వెళ్ళినా దగ్గే మనిషి దొరకలేదు.

“ఒట్టి అబద్ధం వదినా” అంది ఎదురింటి వెంకటరావమ్మ. “దగ్గూ లేదు, గిగ్గూ లేదు. ఎవడో కడుపుమంటతో రాశాడు.”

“మరి నువ్వెందుకు ‘నిజమే’ అని రాయించావు?”

వెంకటరావమ్మ చెంగు సర్దుకుంది. “అందరూ రాస్తుంటే నేనొక్కదాన్నే రాయకపోతే ఏం బాగుంటుందని.”

మూడు వారాలు గడిచాయి. వీధిలో జనం ప్యాకెట్ కారం కొనుక్కున్నారు. రంగుంది, రుచి లేదు. గ్రూపులో గాలి తిరిగింది. మిల్లు మళ్ళీ తెరిపించాలని ఎవరో రాశారు. కింద ఇరవై ఆరు మంది “నిజమే” అన్నారు.

చైతన్యకృష్ణ స్వయంగా ఇంటికొచ్చాడు.

“అర్జీ వెనక్కి తీసుకోవడానికి అందరూ ఒప్పుకున్నారు పిన్నిగారూ. ఆ పొరుగువాడు ఒక్కడు సరేనంటే చాలు. జబ్బు మనిషి ఉన్న ఇల్లు కదా, ఆయన మాట లేకుండా సీలు తీయనంటున్నాడు ఆఫీసాయన. రేపు పదింటిదాకా చూస్తాట్ట.”

“ఒప్పుకోకపోతే?”

“మోటారుకి కరెంటు పీకేస్తారు. ఇక మళ్ళీ ఇవ్వరు.”

రహిమున్నీసా ఆ పూట ఎవరినీ తిట్టలేదు. సాయంత్రం నెట్ సెంటర్‌కి వెళ్ళి ముబీన్ చేత రాయించింది.

“పొరుగు అయ్యగారికి. మీ ఇంటి మనిషి నాకు చెల్లెలి లాంటిది. ఘాటు బయటికి రాకుండా కిటికీలన్నీ మూయిస్తాను. ఆమెను మంచి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. ఆ మిల్లు లేకపోతే నేను లేను. ఒప్పుకోండయ్యా.”

ముబీన్ ఆ నాలుగు ముక్కలు కొడుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి మొగుడికి అదంతా చెప్పింది. “ఎంత రాతి గుండెవాడైనా కరుగుతాడు కదయ్యా?”

“చూద్దాం” అన్నాడు మీరావలి.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మీరావలి నెట్ సెంటర్‌కి వెళ్ళి, ముబీన్ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, “అప్పటి ‘పొరుగువాడు’ పేరుతోనే కొట్టు ముబీనూ, మా ఇంట్లో మనిషికి దగ్గు తగ్గలేదు, ఒప్పుకోను” అన్నాడు.