సగం గడ్డం

నా గడ్డం సగం గీసి, సెలూన్ వీరేశం కత్తి పక్కన పెట్టేశాడు. అతనికి కండరాల క్షీణత జబ్బు. కండలోకి కాల్షియం ఎక్కువగా చేరితే భుజానికి అంటించుకున్న వైద్య పట్టీ ఎర్రబడుతుంది.

“పావుగంట ఆగాలి సార్. పట్టీ ఆ కాల్షియాన్ని సర్దేస్తుంది. ఆగకపోతే కండ పోతుంది.”

ఈ ఊళ్లో ఉద్యోగంలో చేరడానికి వచ్చాను, మొదటిరోజే ఆలస్యం. విసుక్కుంటూ సగం గడ్డంతోనే పక్కనున్న టీకొట్టుకు వెళ్లాను. ఒక్కరూ నవ్వలేదు.

“ఎర్రబడిందా?” అంటూ టీకొట్టావిడ గ్లాసు అందించింది.

బెంచీ మీదున్న పురోహితుడు జరిగి చోటిచ్చాడు.

“కూర్చోండి. ఇరవై ఏళ్లుగా ఆ చెయ్యి ఒక్కరికీ గాటు పెట్టలేదు. మొన్న పెళ్లికొడుకు గడ్డం సగంలో ఉండగా పట్టీ ఎర్రబడితే, నేను పెట్టిన ముహూర్తాన్ని నేనే పావుగంట జరిపాను.”