పసుపు గీత

“మళ్లీ ఊడింది!” కారు దిగుతూనే లెక్కల మాస్టారు గొంతు పెంచాడు. “నెలలో ఇది మూడోసారి. నీ చవక గొట్టాల సంగతి రేపు స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చెప్పేస్తాను.”

మెకానిక్ తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. మాస్టారి బడిలో టీచర్ల బళ్లన్నీ అతని షెడ్డుకే వస్తాయి. వాళ్లకి ఆయన మాట వేదం. ఆయన పెదవి విరిస్తే రేపటినుంచి షెడ్డులో ఈగలు తోలుకోవాల్సిందే.

వెనక సీట్లోంచి మాస్టారి తల్లి నెమ్మదిగా దిగింది. డెబ్భై దాటినా నడుం వంగని మనిషి. భుజాన గుడ్డసంచీ. వచ్చిన ప్రతిసారీ చేసినట్టే స్టూలు లాక్కుని బానెట్ పక్కన కూర్చుంది.

“ఏం అబ్బాయ్, ఈ గొట్టాలు బిగిస్తున్నావా, అన్నం మెతుకులతో అతికిస్తున్నావా? నలభై ఏళ్లు నా కుట్టుమిషన్ నేనే విప్పి బిగించుకున్నాను. ఒక్క స్క్రూ జారలేదు.”

“మీరు కూడా మొదలుపెట్టారా పెద్దమ్మగారూ!” అంటూ బానెట్ ఎత్తాడు మెకానిక్.

టర్బోలోంచి వేడిగా వచ్చే గాలిని చల్లబరిచి ఇంజినుకి పంపేది ఇంటర్‌కూలర్. దాని మూతికి తొడిగిన గొట్టం పక్కకి జారి, ఆవులిస్తున్నట్టు నోరు తెరుచుకుని ఉంది.

“కంపెనీ గొట్టం వేద్దామని మొదటే చెప్పాను సార్. ధర వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.”

“నిలబడనా మరి? రబ్బరు గొట్టానికి అంత ధరా?”

“అందుకే కదా ఈ ఉపాయం చేశాను. తిన్నగా ఉన్నంత మేరా అల్యూమినియం గొట్టం, వంపుల దగ్గర మాత్రం సిలికాన్ ముక్కలు. ఖర్చు మూడోవంతు. మీరు ముందు వేయించుకున్న నీళ్ల గొట్టంలా ఒత్తిడికి ఉబ్బదు. ఇదుగో, చెయ్యి పెట్టి చూడండి, ఎక్కడైనా చీలిందా?”

మాస్టారు తడిమి చూశాడు. చీలలేదు.

“చీలకపోతే ఎందుకు ఊడింది? ఇది ఊడితే కారుకి ఊపిరాడదు. స్కూటర్లవాళ్లు దాటి వెళ్లి, వెనక్కి తిరిగి జాలిగా చూస్తున్నారు. గొట్టం సరిగ్గా ఉన్నరోజు చూడాలి! కాలు అలా ఆనిస్తే చాలు, నూట ఇరవై!”

“ఆ నూట ఇరవైలోనే నా దారపుండలన్నీ దొర్లుకుంటూ నీ కాళ్ల కిందకొచ్చాయి,” అంది తల్లి.

“భయమేస్తే కళ్లు మూసుకోమన్నానుగా అమ్మా.”

“మూసుకున్నానురా. నువ్వూ మూసుకున్నావేమోనని మళ్లీ తెరిచాను.”

మాస్టారు పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

మెకానిక్ టార్చి వేసి కిందికి వంగాడు. అతనికో అలవాటుంది. గొట్టం జారకుండా చుట్టూ క్లాంపు పట్టీ వేసి స్క్రూ బిగించాక, పట్టీ మీంచి స్క్రూ మీదికి పసుపు పెయింటుతో ఒక సన్నని గీత గీస్తాడు. ఆ గీత ఎప్పటికీ ఒక్కటిగా ఉండాలి. ఇప్పుడు లేదు. పట్టీ మీది సగం ఇటు చూస్తుంటే, స్క్రూ మీది సగం అటు తిరిగిపోయి ఉంది. స్క్రూ గాడిలో పెయింటు కూడా గీరుకుపోయింది.

“సార్, ఇది దానంతటది వదులవలేదు. ఎవరో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పారు.”

మాస్టారి మొహం కందగడ్డయింది. “మా గేటు లోపలున్న కారు బానెట్ ఎవరెత్తుతారయ్యా? ఇంట్లో ఉండేది నేనూ, మా అమ్మా. నా మీద నేనే పగ తీర్చుకుంటున్నానా? పని చేతకాకపోతే చేతకాదని చెప్పు, మా ఇంటిమీద నింద వెయ్యకు!”

మెకానిక్ సాయం కోసం పెద్దావిడ వైపు చూశాడు. ఆవిడ గోడకి ఆనించిన పాత టైర్లని శ్రద్ధగా లెక్కపెట్టుకుంటోంది.

ఇంకో మాట మాట్లాడితే బేరమే కాదు, పేరు కూడా పోతుందని అతనికి అర్థమైంది.

“సరే సార్, పొరపాటు నాదే అనుకోండి. ఈసారి స్క్రూ క్లాంపు వద్దు. నట్టుతో బిగించే బోల్టు క్లాంపు వేస్తాను. దానికి పైసా తీసుకోను. ఏ స్క్రూడ్రైవర్‌తోనూ అది కదలదు. ఇది కూడా ఊడిందంటే నేనే మీ స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, నా షెడ్డుకి రావద్దని అందరికీ చెప్పి వెళ్తాను.”

“మాట మీద నిలబడాలి మరి!”

“నిలబడతాను సార్.”

పాత క్లాంపు తీసి కొత్తది తొడిగాడు. పానాతో నట్టు బిగించి, దాని మీంచి పసుపు గీత గీశాడు. మాస్టారు కూర్చుని యాక్సిలరేటర్ తొక్కాడు. బుస్సుమనే చప్పుడు లేదు. ఇంజిను హుషారుగా గర్జించింది. ఆయన కోపం అక్కడికక్కడే ఆవిరైపోయింది.

“ఇదీ ఊపంటే! అమ్మా, ఆదివారం అక్కయ్య ఇంటికి అరగంటలో దింపేస్తాను, చూసుకో,” అంటూ ఇంజిను ఆపి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు.

పెద్దావిడ స్టూలు మీంచి లేచింది. సంచీలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, బానెట్‌లోకి వంగి ఆ కొత్త క్లాంపుని చాలాసేపు పరీక్షగా చూసింది. కుళాయి వైపు ఒకసారి తొంగిచూసి, మెకానిక్ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

“అబ్బాయ్, ఈ నట్టుకి ఎన్నో నంబరు పానా కావాలి? నా మిషన్ పెట్టెలో ఎనిమిదోదే ఉంది.”