ఎనిమిది జీబీల అల్లుడు

"పదహారెట్టేనన్నాడు. ఎనిమిదే సూపిత్తంది. మిగతాదేటయింది?"

గణపతిరావు కంప్యూటర్ తెర మీద వేలుపెట్టి అడిగాడు.

"చందు ర్యామ్ పెట్టిన రోజు పదహారు జీబీలే చూపించింది నాన్నా," అంది సింధు.

"అదే నానూ అంతన్నాను. ఆనాడుంది, ఈనాడు నేదు. మజ్జిలో ఎవులొచ్చేరు? నాను పూజసామాన్లకి బజారెల్లినపుడు ఆడు మనింట్లో టీ తాగి ఎల్లనేదా?"

"ఐసా నహీ హై పాపా, అతనలాంటివాడు కాదు," అంది సింధు. చందు బిష్టుపూర్‌లో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఆమె మనసుపడ్డవాడు. తండ్రిని ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఆదివారం తాంబూలాలు.

"ర్యామ్ దొంగకి పిల్లనివ్వను. ఫోన్ చెయ్యి, రమ్మను."

గణపతిరావు టాటానగర్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. స్పానర్ కనబడకపోతే ముందు పక్కవాడి సంచీ వెతికేవాడు. ఆ అనుమానం పోలేదు, మిషన్ల మీద భక్తీ పోలేదు. పోయినవారం విశ్వకర్మ పూజకి పెట్టిన బొట్లు స్కూటర్ మీదా, మిక్సీ మీదా ఇంకా అలాగే ఉన్నాయి.

చందు మాంగో పేటలోని తన ఇంటి నుంచి ఆటోలో వచ్చాడు. గణపతిరావు కుర్చీ లాక్కుని అతని చేతులకేసే చూస్తూ కూర్చున్నాడు.

"స్క్రూలు వదులుగా ఉన్నాయి. ఎవరైనా విప్పేరా మావయ్యా?"

"ఇపుడు తప్పు మా ఇంటోల మీద ఎడతన్నావేటి?"

చందు మూత తీసి టార్చి వేశాడు. "రెండు ర్యాములూ ఉన్నాయి కదా, చూడండి."

"ఉంటే? మంచిది తీసి పాడైంది ఎట్టీసుంతావు."

చందు లోపలికి వంగి చాలాసేపు చూశాడు. తర్వాత ఒక ర్యామ్ ఊడదీసి, గణపతిరావుకి వీపు అడ్డం పెట్టి, రుమాలుతో ఏదో చేసి, మళ్లీ బిగించాడు. కంప్యూటర్ వెలిగింది. పదహారు.

"ఇపుడెలాగొచ్చింది?" గణపతిరావు కళ్లు చిన్నవయ్యాయి.

చందు రుమాలు జేబులో కుక్కుకున్నాడు. "నాదే తప్పు మావయ్యా. ఆవేళ సరిగ్గా నొక్కలేదు."

"అలాగ ఒప్పుకో. దొంగవి కావన్నమాట, పని రానోడివి." గణపతిరావుకి ప్రాణం హాయిగా ఉంది. "పనైతే నాను నేర్పిత్తాన్లే. ఆదివారం మీవోలిని పెందలాడే రమ్మను."

గేటు దగ్గర సింధు అతన్ని ఆపింది. ఇప్పుడు అనుమానం ఆమెకి పట్టుకుంది.

"సరిగ్గా నొక్కకపోతే ఆరోజు పదహారు ఎలా చూపించింది? సచ్ బోలో చందూ. వీపు తిప్పి ఏం దాచావు?"

చందు ఇంటివైపు ఒకసారి చూసి, జేబులోంచి రుమాలు తీశాడు.

"మీ నాన్నకి మాత్రం చెప్పకు," అంటూ మడత విప్పాడు.

రుమాలు నిండా పూజ కుంకుమ.