యార్డు చీపురు

“మా ఆయన చీపురు లేకుండా యార్డులో అడుగు పెట్టే మనిషి కాదు సార్. ఆ రాసింది కొట్టేయండి,” అంది ఆమె, విచారణ అధికారి బల్ల ముందు నిలబడి.

హైడ్రోజన్ బస్సుల డిపో అది. పొగ లేదు, మసి లేదు, ఆ బస్సులు వదిలేది నీటి ఆవిరే. గొప్పే, కాదనను. కానీ ఆ గ్యాసుకు రంగూ వాసనా ఉండవు. అంటుకుంటే పట్టపగలు మంట కంటికి ఆనదు. అందుకే లీకు ఉందంటే లోపలికి వెళ్లేవాడు ఎండు చీపురు ముందుకు చాచి నడవాలి. చీపురు భగ్గుమంటే అక్కడితో ఆగిపోవాలి. ఎన్ని యంత్రాలు బిగించినా పాతకాపులు నమ్మేది దాన్నే.

పదకొండేళ్లుగా బస్సులకు గ్యాసు నింపుతున్న ఆమె భర్త వారం కిందట వట్టి చేతులతో వెళ్లి, కనిపించని మంటలోకి నడిచిపోయాడు. రిపోర్టులో ‘నిర్లక్ష్యం’ అని రాశారు. ఆ మాట ఆమెకు మింగుడుపడటం లేదు. మీ నాన్న తన తప్పుకు తానే పోయాడని పిల్లకి చెప్పమంటారా అని అడిగింది. అదే డిపో క్యాంటీన్‌లో టీ కాస్తూ రోజూ అతన్ని చూసినదాన్ని, నాకు తెలియదా అంది.

పక్కనే ఫోర్‌మన్ ఉన్నాడు. చనిపోయినవాడికి ప్రాణస్నేహితుడు.

“నువ్వైనా చెప్పన్నా. ఎవరో చీపురు తీసే ఉంటారు కదా?”

ఫోర్‌మన్ తలెత్తలేదు. “ఎవరూ తియ్యలేదమ్మా. వాడే మర్చిపోయాడు.”

“కెమెరాలో చూద్దాం.”

“ఆ రోజు కెమెరా పనిచెయ్యలేదు.”

ఆమె అతని వైపు తిరిగింది.

“ఆయనతో ఒక్క కంచంలో తిన్నావు. ఇవాళ ఆయన మీదే నింద వేస్తున్నావు. ఇక మా గడప తొక్కకు,” అని వెళ్లిపోయింది.

తలుపు మూసుకోగానే ఫోర్‌మన్ కుర్చీలో కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. అధికారికి ఒళ్లు మండింది. కెమెరా నిక్షేపంలా పనిచేసిందని తనకు తెలుసన్నాడు. దొంగసాక్ష్యానికి ఉద్యోగం ఊడుతుందని, ఎవర్ని కాపాడుతున్నావో చెప్పమని నిలదీశాడు.

ఫోర్‌మన్ తన ఫోన్‌లోకి ఎక్కించి దాచిన ఆ కెమెరా వీడియో పెట్టి అతని ముందుకు తోశాడు. “ఉద్యోగం పోతే పోనీండి సార్. ఇది మాత్రం బయటికి రానివ్వకండి.”

వీడియోలో అలారం మోగింది. క్యాంటీన్ బయట టీ తాగుతున్న మనిషి గ్లాసు వదిలేసి లేచాడు. తలుపు పక్కన తాను ఆనించిన చీపురు కోసం చెయ్యి చాచాడు. లేదు. చుట్టూ వెతికాడు. యార్డులో బస్సులో డ్రైవరు ఇరుక్కుని ఉన్నాడు. ఇక ఆగలేక అలాగే పరుగెత్తాడు.

అధికారి వీడియోను రెండు నిమిషాలు వెనక్కి జరిపాడు. తలుపు పక్కనున్న ఆ చీపుర్ని, క్యాంటీన్‌దే అనుకుని, చూడకుండానే చేత్తో అందుకుని లోపలికి తీసుకెళ్తున్నది ఆమే.