పూనకానికి పరీక్ష

"ఈ పిల్లని అత్తోరింటికి అంపకండి. అంపితే నాను ఊరుకోను."

జుట్టు విరబోసుకుని, వేపమండలు పట్టుకుని ఊగిపోతోంది రత్నాలమ్మ.

సంతబొమ్మాళి అవతలి జాలరిపేట నుంచి ఏటా ఈ ఊరి అమ్మవారి సంబరానికి వచ్చే ముసలిది. ఆమె ఒంటిమీదికి అమ్మవారు వచ్చిందంటే ఇక్కడ ఎదురు చెప్పేవాడు లేడు.

పిల్ల పేరు సత్యవేణి. వీపంతా వాతలతో పుట్టింటికి పారిపోయి వచ్చింది. నలుగురిలో తల కొట్టేసినట్టయిందని తండ్రి సన్యాసి వెనక్కి పంపేయడానికి బండి కట్టించాడు కూడా.

"సిత్తం తల్లీ, అంపను" అని ఇప్పుడు లెంపలు వేసుకున్నాడు.

తాతారావుకి నవ్వొచ్చింది.

విజయనగరంలో బి.ఏ. చదువుతూ సెలవులకి ఇంటికొచ్చాడు. మనశ్శాస్త్రం చదువుతున్నవాడు ఆ చుట్టుపక్కల వాడొక్కడే. పూనకంలో ఉన్న మనిషికి నొప్పి తెలియదని దొరల పుస్తకంలో ఉంది. చదివినవాడు ఊరుకుంటాడా?

చొక్కాకున్న గుండుసూది తీసి ముసలిదాని చేతిలో గుచ్చాడు.

"అబ్బ" అంది రత్నాలమ్మ.

డప్పులు ఆగిపోయాయి.

"సూసినారా? ఇది పూనకం కాదు, వేషం. అమ్మోరికి నొప్పెడతాదేటి?"

రత్నాలమ్మ వాడి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఎంత పని సేసినావు, బాబూ" అంది.

సన్యాసి మళ్లీ బండి దగ్గరికి నడిచాడు. సత్యవేణి ఏడవలేదు గానీ, ముసలిదాని చెయ్యి ఎంతకీ వదల్లేదు. విడదీసి బండి ఎక్కించారు.

రత్నాలమ్మని మోసగత్తె అన్నారు, నానా మాటలూ అన్నారు. పొలిమేర దాటేదాకా తరిమారు. తాతారావుని మాత్రం ఊరంతా మెచ్చుకుంది. కుర్రాడు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు.

సెలవులు అయిపోకముందే టెక్కలి నుంచి కబురొచ్చింది. సత్యవేణి అత్తవారి నూతిలో శవమై తేలిందట.

ఆ మాట విన్న దగ్గర్నుంచి రత్నాలమ్మ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదట. పిల్ల పెద్దకర్మ కాకుండానే ఆమె కూడా పోయింది.

"సదవేత్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?" అన్నారు జనం. మొన్న మెచ్చుకున్న నోళ్లే అవి.

తాతారావుకి తిండి సయించలేదు. సత్యవేణి చిన్నప్పుడు వాడి వెనకే తిరిగిన పిల్ల.

"అమ్మా, అది దొంగపూనకమని నీకు తెల్దా?" అని అడిగాడు తల్లి నీలమ్మని.

"తెలుసు."

"మరి నా సదువు తగలెయ్య! ముందే ఒక్క మాట సెప్పలేకపోనావా?"

"ఒట్టు ఏయించుకుందిరా ఆవిడ. ఇప్పుడు ఆవిడే నేదు, ఇంకేటి ఒట్టు?"

నీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కొడుకు తల మీద చెయ్యి వేసింది.

"నీకు ఆరేళ్లప్పుడు మీ అయ్య నిన్ను బడి మానిపించి పశువుల ఎనకాల తోలేత్తానన్నాడు. నాను సాటుగా ఎల్లి రత్నాలమ్మ కాళ్లట్టుకున్నాను. అమ్మోరి పేరు సెప్పి అబద్ధం ఆడితే కళ్లు పోతాయని ముందు ఒణికిపోయింది. అయినా ఆ ఏడు సంబరంలో ఊగింది. తాతారావుని పెద్ద సదువు సదివించండని మీ అయ్యకి సెప్పింది. ఆవిడ తొలిసారి దొంగపూనకం ఊగింది నీ కోసమే, నాయినా."